కిటికీలు తెరిపించిన నైటింగేల్

ఏటా మే 12న ఆసుపత్రుల్లో నర్సుల దినోత్సవం జరుగుతుంది. చేతిలో దీపం పట్టుకున్న ఒక ఆంగ్ల వనిత బొమ్మకు దండ వేస్తారు. నర్సింగ్ విద్యార్థినులు కొవ్వొత్తులు వెలిగించి ప్రమాణం చేస్తారు. బళ్లారి, బరంపురం, చెన్నై, షోలాపురం, యానాం, ఎక్కడ చూసినా మన తెలుగు ఇళ్లలో నర్సులుగా పనిచేస్తున్న ఆడపడుచులు, కోడళ్లు ఉన్నారు. వారికి ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు కొత్తగా చెప్పనక్కర్లేదు. మిగతా మనమూ చిన్నప్పుడు బడిలో ఆమె పాఠం చదువుకున్నవాళ్లమే.

అయితే ఆ దీపం కథ ఆమె తొంభై ఏళ్ల జీవితంలో రెండేళ్లది మాత్రమే. ఆ తర్వాతి దశాబ్దాలన్నీ ఆమె వేరే పోరాటంలో గడిపారు. గాలి ఆడని ఆసుపత్రి రోగికి ప్రాణాంతకమని, రోగిని బాగుచేయడం కంటే ముందు అతనికి హాని చేయకుండా ఉండడం ఆసుపత్రి మొదటి బాధ్యత అని ప్రభుత్వాలతో ఒప్పించడమే ఆ పోరాటం. అందులో మన పాత మద్రాసు ప్రెసిడెన్సీకీ చోటుంది. అందుకే ఈసారి దీపాన్ని కాస్త పక్కన పెట్టి, ఆమె తెరిపించిన కిటికీల గురించి చెప్పుకుందాం.

లెక్కలంటే ఇష్టపడిన అమ్మాయి

నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండుకు చెందిన సంపన్నులు. పెళ్లయ్యాక యూరప్ యాత్రలో ఉండగా ఇద్దరు ఆడపిల్లలు కలిగారు. పెద్దమ్మాయి నేపుల్స్‌లో పుట్టింది కాబట్టి ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోపి అని పెట్టారు. రెండో అమ్మాయికి పుట్టిన ఊరి పేరే పెట్టారు.

తండ్రి విలియం నైటింగేల్ కూతుళ్లకు ఇంట్లోనే చదువు చెప్పారు. గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్వశాస్త్రం అన్నీ నేర్పారు. ఫ్లోరెన్స్‌కు లెక్కల మీద మక్కువ ఎక్కువ. ఆ రోజుల్లో గొప్పింటి ఆడపిల్లలు సంగీతం, కుట్లు అల్లికలు నేర్చుకుని మంచి సంబంధం చేసుకోవడమే పద్ధతి. ఆమెకు పదహారేళ్ల వయసులో దేవుడు తనను సేవకు పిలిచాడన్న నమ్మకం కలిగింది. ఆ సేవ రోగుల దగ్గరే అని తేల్చుకోవడానికి మరికొన్నేళ్లు పట్టింది.

ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. అప్పట్లో నర్సు పని అంటే చదువు లేనివాళ్లు, తాగుడు అలవాటున్నవాళ్లు చేసే పని అన్న చెడ్డపేరు ఉండేది. వచ్చిన మంచి సంబంధాన్ని ఆమె కాదన్నారు. తెల్లవారకముందే లేచి, ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఆసుపత్రుల నివేదికలు చదివి నోట్సు రాసుకునేవారు. చివరికి 1851లో జర్మనీలోని కైసర్‌స్‌వెర్త్ అనే చోట క్రైస్తవ సేవికల ఆసుపత్రిలో కొన్ని నెలలు శిక్షణ పొందారు. 1853లో లండన్‌లో జబ్బుపడిన మహిళల కోసం నడిపే చిన్న ఆసుపత్రికి అధికారిణి అయ్యారు. అప్పటికి మెత్తబడిన తండ్రి ఆమె ఖర్చులకు ఏడాదికి 500 పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

స్కుటారి

1854లో బ్రిటన్ రష్యా మీద క్రిమియా యుద్ధంలోకి దిగింది. బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ ఒక పక్షం. గాయపడిన, జబ్బుపడిన బ్రిటిష్ సైనికులను ఓడల్లో నల్లసముద్రం దాటించి ఇస్తాంబుల్‌కు ఎదురొడ్డున ఉన్న స్కుటారికి తెచ్చేవారు. అక్కడ టర్కీ సైన్యం బారకాసును ఆసుపత్రిగా మార్చారు. నాలుగు వైపులా పొడవాటి నడవాలతో కట్టిన పెద్ద కట్టడం అది. రోగుల కోసం కట్టింది కాదు.

అక్కడి దుస్థితి పత్రికల్లో రావడంతో ఇంగ్లండ్‌లో గగ్గోలు పుట్టింది. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్‌కు పాత స్నేహితుడు. ఆయన కోరిక మీద ఆమె 38 మంది నర్సులను వెంటబెట్టుకుని 1854 అక్టోబరు 21న బయలుదేరారు. నవంబరు 4న స్కుటారి చేరారు.

చేరిన కొద్ది రోజులకే గాయపడినవాళ్లు వందల కొద్దీ వచ్చి పడ్డారు. మంచాల వరుసలు కలిపితే నాలుగు మైళ్లు ఉంటాయని, మంచానికీ మంచానికీ మధ్య అడుగున్నర చోటు కూడా లేదని ఆమె లెక్క వేశారు. పక్కబట్టలు లేవు, సబ్బు లేదు, సరైన తిండి లేదు. ఆమె చందాల సొమ్ముతో చొక్కాలు, దుప్పట్లు, పాత్రలు కొనిపించారు. బట్టలు ఉతకడానికి ఏర్పాటు చేశారు. రోగులు తినగలిగే వంట వండించారు. రాత్రిళ్లు దీపం పట్టుకుని నడవాల్లో తిరిగి రోగులను చూసుకున్నారు. లోకానికి తెలిసిన బొమ్మ అక్కడిదే.

కానీ పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది. ఆమె వచ్చాక చావులు తగ్గలేదు, పెరిగాయి. డిసెంబరులో పెరిగాయి, జనవరిలో ఇంకా పెరిగాయి. 1855 ఫిబ్రవరి వచ్చేసరికి ఆసుపత్రిలో వైద్యం పొందుతున్నవారిలో నూటికి 42 మంది చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది తుపాకి గుండు కాదు. విరేచనాలు, కలరా, జ్వరాలు.

మార్చి నెలలో లండన్ నుంచి ఒక శానిటరీ కమిషన్ వచ్చింది. డాక్టర్ జాన్ సదర్లాండ్, ఇంజనీరు రాబర్ట్ రాలిన్సన్ వంటివారు అందులో ఉన్నారు. సరిచూసి సలహా చెప్పడమే కాదు, వెంటనే పని చేయించే అధికారం వారికి ఇచ్చారు. వారు చూసింది ఇది. కట్టడం కింద మురుగు కాలువలు పూడిపోయి కుళ్లుతున్నాయి. ఆ కంపు మరుగుదొడ్ల గుండా నేరుగా వార్డుల్లోకి, నడవాల్లోకి ఎగదన్నుతోంది. కిటికీలు మూసి ఉన్నాయి, లోపలి గాలి బయటికి పోయే దారి లేదు. నీళ్లు వచ్చే కాలువలో కళేబరాలు పడి ఉన్నాయి.

వారు కూలీలను పెట్టి కాలువలు కడిగించారు. చెత్త, కళేబరాలు బండ్ల మీద తోలించారు. గోడలకు సున్నం కొట్టించారు. గాలి ఆడడానికి పైకప్పు దగ్గర దారులు పెట్టించారు, కిటికీలు తెరిపించారు. మంచాల మధ్య దూరం పెంచారు. జూన్ నాటికి చావులు నూటికి రెండుకు పడిపోయాయి. నర్సులు వాళ్లే, డాక్టర్లు వాళ్లే, మందులూ దాదాపు అవే. మారింది కట్టడం, నీళ్లు, గాలి.

లెక్క చెప్పిన నిజం

యుద్ధం ముగిసి 1856 ఆగస్టులో నైటింగేల్ ఇంగ్లండు చేరేసరికి ఆమె పేరు ఇంటింటా మారుమోగుతోంది. ఊరేగింపులు, సన్మానాలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె మారుపేరుతో ప్రయాణం చేసి, ఎవరికీ చెప్పకుండా ఇల్లు చేరారు. సెప్టెంబరులో విక్టోరియా రాణిని కలిసి, సైన్యం ఆరోగ్యం మీద రాయల్ కమిషన్ వేయమని అడిగారు.

కమిషన్ కోసం లెక్కలు సిద్ధం చేయడానికి విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కలిసి కూర్చున్నారు. అంతవరకూ ఆమె అభిప్రాయం వేరు. చలి, ఆకలి, అధిక శ్రమతో సైనికులు చివరి దశలో స్కుటారి చేరడం వల్లే అంతమంది పోయారని, సరుకుల కొరతే అసలు దోషమని అనుకునేవారు. నెలవారీ చావులను పట్టికలుగా వేస్తే మరో కథ బయటపడింది. సరుకులు అందిన తర్వాత కూడా స్కుటారిలో చావులు పెరుగుతూనే వచ్చాయి. కాలువలు కడిగి, గాలి ఆడనిచ్చిన నెల నుంచే తగ్గాయి. అంటే ఆ చలికాలంలో పోయిన వేలమందిలో చాలామందిని చంపింది వారు ఆశ్రయం పొందిన ఆసుపత్రే. ఆ కప్పు కిందే ఆమె రాత్రింబవళ్లు పనిచేశారు.

దేశమంతా దేవతగా చూస్తున్న మనిషి ముందు ఈ లెక్క నిలబడింది. దాచిపెట్టి ఉంటే ఆమె పేరుకు ఏ లోటూ వచ్చేది కాదు. ఆమె దాచలేదు. పైగా చదివేవారికి ఒక్క చూపులో అర్థమయ్యేలా రంగుల బొమ్మ వేయించారు. గులాబీ రేకుల్లా చుట్టూ పన్నెండు నెలలు, ఒక్కో రేకులో రంగు విస్తీర్ణం ఆ నెల చావులు. నివారించగల జబ్బుల వల్ల పోయినవారికి నీలం, గాయాల వల్ల పోయినవారికి ఎరుపు. నీలం ముందు ఎరుపు చిన్నదైపోయింది. ఆ బొమ్మతో కూడిన నివేదికను 1858లో సొంతంగా అచ్చువేయించి పెద్దల చేతికి పంపారు. అదే ఏడాది బ్రిటన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ సంఘంలో మొదటి మహిళ ఆమే.

ఇంకో సంగతీ లెక్కల్లో తేలింది. యుద్ధం లేని రోజుల్లో, ఇంగ్లండులోనే బారకాసుల్లో ఉన్న సైనికులు కూడా అదే వయసు పౌరులకంటే దాదాపు రెట్టింపు చొప్పున చనిపోతున్నారు. ఏరి తెచ్చుకున్న దృఢమైన యువకులు, కిక్కిరిసిన గాలి ఆడని గదుల్లో నిద్రపోతూ జబ్బులపాలవుతున్నారు.

ఓడిన పోరాటం, గెలిచిన పోరాటం

అదే సమయంలో హాంప్‌షైర్‌లోని నెట్లీ దగ్గర సైన్యానికి పెద్ద ఆసుపత్రి కడుతున్నారు. 1856లో రాణి స్వయంగా శంకుస్థాపన చేశారు. ప్లాను నైటింగేల్ చేతికి వచ్చేసరికి పునాదులు లేచిపోయాయి. సముద్రం వైపు అందమైన పొడవాటి నడవా, దాని వెనక చిన్న చిన్న వార్డులు వరుసగా ఉన్నాయి. ఒక వార్డు గాలి నడవాలోకి, అక్కడి నుంచి మరో వార్డులోకి పోతుంది తప్ప ఎదురెదురు కిటికీల గుండా ఆరుబయటికి పోదు. చూపరులకు ముచ్చటగా ఉన్నా రోగికి కీడేనని ఆమె వాదించారు. ప్రధాని పామర్‌స్టన్ ఆమె మాట నిజమేనన్నారు. కానీ అప్పటికే చాలా డబ్బు ఖర్చయింది. కొన్ని చిన్న మార్పులతో అదే ప్లానుతో నెట్లీ పూర్తయింది.

ఆ ఓటమి తర్వాత ఆమె ఆసుపత్రి ఎలా కట్టాలో పుస్తకమే రాశారు. ఆసుపత్రుల మీద నోట్స్ 1859లో వచ్చింది. అదే ఏడాది చివర నర్సింగ్ మీద నోట్స్ వచ్చింది. ఇళ్లలో రోగులను చూసుకునే మామూలు ఆడవాళ్ల కోసం రాసిన చిన్న పుస్తకం అది. అందులో మొదటి అధ్యాయం మందుల గురించి కాదు, గాలి గురించి. రోగి పీల్చే గాలి బయటి గాలి అంత శుభ్రంగా ఉండాలి, అతనికి చలి తగలకూడదు, ఇదే నర్సు మొదట చూసుకోవలసిన సంగతి అని ఆమె బోధించారు. గది తలుపు తెరిస్తే చాలదని, అది నడవాలోని పాత గాలిని లోపలికి తెస్తుందని, ఆరుబయటికి తెరుచుకునే కిటికీయే గాలికి దారి అని వివరించారు.

ఆమె మెచ్చిన వార్డు ప్లాను తేలికగా చెప్పొచ్చు. పొడవాటి, ఎత్తైన హాలు. రెండు వైపులా ఎదురెదురుగా కిటికీలు, కనీసం రెండు మంచాలకు ఒకటి. కిటికీ దాదాపు పైకప్పు దాకా ఉండాలి. ఒక్కో వార్డులో ముప్ఫై మందికి అటూ ఇటూగా రోగులు. మరుగుదొడ్లు వార్డు చివర విడిగా. ఒక వార్డు కట్టడానికీ మరో దానికీ మధ్య ఖాళీ స్థలం.

ఎదురెదురు కిటికీలు ఎందుకో మన పాత ఇళ్లు కట్టినవారికి తెలుసు. ఒక వైపే కిటికీ ఉంటే గాలి లోపలికి వచ్చి అక్కడే ఆగిపోతుంది. అవతలి వైపు దారి ఉంటేనే పారుతుంది. ఊపిరితో, ఒంటి వేడితో బరువు తగ్గిన గాలి పైకి లేస్తుంది. అందుకే పైకప్పు ఎత్తుగా ఉండాలి, గోడ పైభాగాన వెంటిలేటరు ఉండాలి. మండువా ఇళ్లలో మధ్యన ఆకాశం కనబడేలా వదిలేయడంలోనూ ఉన్నది ఈ కిటుకే.

ఆమె బంధువర్గంలోని సైనిక ఇంజనీరు డగ్లస్ గాల్టన్ ఇదే పద్ధతిలో వూలిచ్‌లో హెర్బర్ట్ ఆసుపత్రి కట్టారు. 1865లో అది తెరుచుకుంది. 1871లో లండన్‌లో థేమ్స్ ఒడ్డున సెయింట్ థామస్ ఆసుపత్రి కొత్త కట్టడమూ ఇలాగే వచ్చింది. ప్రజల చందాలతో 1860లో ఆమె స్థాపించిన నర్సుల బడి ఆ ఆసుపత్రిదే. నైటింగేల్ వార్డు అన్న పేరు అలా స్థిరపడింది.

మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చిన కాగితాలు

1857 తర్వాత ఆమె ఆరోగ్యం పాడైంది. క్రిమియాలో వచ్చిన జ్వరం పూర్తిగా వదల్లేదు. చాలా ఏళ్లు మంచం మీదే ఉండి పనిచేశారు. ఆ మంచం మీద నుంచే ఇండియాను అధ్యయనం చేశారు. ఒక్కసారి కూడా ఇక్కడికి రాలేదు.

1859లో ఇండియాలోని సైన్యం ఆరోగ్యం మీద మరో రాయల్ కమిషన్ ఏర్పడింది. ఆమె ప్రశ్నల పత్రాలు తయారుచేసి దేశంలోని కంటోన్మెంట్లన్నిటికీ పంపించే ఏర్పాటు చేశారు. బారకాసులో ఎంతమంది ఉంటారు, ఒక్కొక్కరికి ఎంత చోటు, గాలి ఎటు నుంచి వస్తుంది, నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది అన్నవి ప్రశ్నలు. మద్రాసు, బొంబాయి, బెంగాల్ మూడు ప్రెసిడెన్సీల నుంచీ కట్టలకొద్దీ జవాబులు వెళ్లాయి. మన వాళ్ల తరతరాల ఊళ్లు బెంగళూరు, బళ్లారి, సికింద్రాబాద్, నాగపూర్ పక్కన కాంప్టీ, ఇవన్నీ ఆనాడు మద్రాసు సైన్యం దండు ఊళ్లే. కాంప్టీ వంటి చోట తెలుగు మాట వినిపించడానికి ఒక కారణం ఆ దండే.

1863లో రెండు పెద్ద సంపుటాలుగా నివేదిక వచ్చింది. ఇండియాలో ఉన్న బ్రిటిష్ సైనికులు ఏడాదికి వెయ్యికి 69 మంది చొప్పున చనిపోతున్నారని తేలింది. అందరూ మన ఎండలను తిట్టుకుంటుంటే, ఆమె ఎండది తప్పు కాదన్నారు. వందల మందిని ఒకే గదిలో కుక్కడం, పారని మురుగు, పాడు నీరు, గాలి ఆడని ఆసుపత్రులు, ఇవే కారణాలని చూపించారు. మరుసటి ఏడాది మూడు ప్రెసిడెన్సీల్లోనూ శానిటరీ కమిషన్లు వచ్చాయి. బారకాసులు, ఆసుపత్రులు కొత్తగా కట్టారు. పదేళ్లకు ఆ చావులు వెయ్యికి 18కి దిగాయని ఆమె లెక్క చూపారు.

మొదట్లో ఆమె చూపు సైనికుల మీదే. క్రమంగా ఊళ్లలోని జనం మీదికి మళ్లింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని, మైసూరును కాల్చేసిన పెద్ద కరువు మీద ఆమె ఇంగ్లండు పత్రికలో ఘాటుగా రాశారు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపి, కాలువలు తవ్వమన్న ఆయన వాదాన్ని సమర్థించారు. కాటన్ దొరను తలుచుకునే గోదావరి జిల్లాలవారికీ, యానాం వారికీ ఈ సంగతి తెలియడం బాగుంటుంది.

ఆమె పొరబడింది ఎక్కడ, నెగ్గింది ఎక్కడ

ఆమె చెప్పినదంతా ఒప్పు కాదు. కుళ్లు వాసన, చెడు గాలి తామే జబ్బును పుట్టిస్తాయని ఆ కాలపు చాలామంది డాక్టర్లలాగే ఆమె నమ్మారు. కంటికి కనబడని క్రిములే జబ్బుకు కారణమన్న శాస్త్రాన్ని చాలాకాలం ఒప్పుకోలేదు. కలరా నీటి వల్ల వస్తుందని మనకు ఇప్పుడు తెలుసు. స్కుటారిలో ప్రాణాలు నిలబెట్టిన వాటిలో శుభ్రమైన కాలువల, నీటి పాలు చాలా ఉంది.

క్రిముల శాస్త్రం గెలిచాక, మందులు వచ్చాక ఎత్తు కప్పుల వార్డులు పాతబడ్డాయి. కప్పులు కిందికి దిగాయి, కిటికీలు చిన్నవయ్యాయి, ఏసీలు వచ్చాయి. గాలి మాట మరుగున పడింది. కానీ క్షయ, తట్టు, కోవిడ్ వంటివి ఊపిరి నుంచి ఊపిరికి గాలిలో ప్రయాణించే జబ్బులు. 2007లో పెరూ రాజధాని లీమాలోని ఎనిమిది ఆసుపత్రుల మీద ఒక పరిశోధన వచ్చింది. 1950కి ముందు కట్టిన, ఎత్తు కప్పులు, పెద్ద కిటికీలు ఉన్న గదుల్లో కిటికీలు తెరిస్తే గంటకు 40 సార్లు గాలి మారింది. కొత్త తరహా గదుల్లో 17 సార్లు. యంత్రాలతో గాలి నడిపే గదుల్లో 12 సార్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సహజ గాలి మీద మార్గదర్శకాలు ఇస్తూ, మామూలు వార్డులో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్ల బయటి గాలి అందాలని చెప్పింది. గాలి ద్వారా పాకే జబ్బున్నవారి గదికైతే 160 లీటర్లు. నైటింగేల్ చెప్పిన కారణం తప్పయినా చేయించిన పని నిలిచింది.

ఇది మనకూ పనికొచ్చే మాటే. గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది, బయటి గాలిని తేదు. మన పెద్దవాళ్లను ఆసుపత్రిలో చేర్చినప్పుడు గది ఎంత చల్లగా ఉందో చూస్తాం, టీవీ ఉందా అని చూస్తాం. కిటికీ తెరుచుకుంటుందా, గాలి బయటికి పోయే దారి ఉందా అని కూడా అడగాలి. పరామర్శకు పదిమందిమి ఒకేసారి వెళ్లి చిన్న గదిలో కూర్చోకుండా ఉండాలి. ఆపరేషన్ థియేటరు, ఐసీయూ వంటి చోట్ల గాలిని వడకట్టి పంపే ఏర్పాటు ఉంటుంది, అక్కడ సిబ్బంది చెప్పినట్టే నడుచుకోవాలి. మామూలు వార్డులో, డాక్టరు గది ముందు వేచి ఉండే హాల్లో మాత్రం కిటికీ అడగడం మన హక్కు.

నైటింగేల్‌కు 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు. ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమె. అప్పటికి చూపు పోయింది, జ్ఞాపకమూ తగ్గింది. 1910 ఆగస్టు 13న లండన్‌లోని తన ఇంట్లో నిద్రలోనే కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేస్తామని ప్రభుత్వం అడిగితే కుటుంబం వద్దంది. ఆమె కోరినట్టే ఈస్ట్ వెల్లో అనే పల్లెలో, తల్లిదండ్రుల పక్కన పూడ్చారు. రాతి మీద పూర్తి పేరు కూడా లేదు. రెండు పొడి అక్షరాలు, ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు పోయారు, అంతే.